కొత్త వెర్షన్‌లో తెరుచుకోని కొంగు

నా పెళ్లి చీర కొంగు రెండు రోజుల పాటు ఒక ఫోన్‌లో ఇరుక్కుపోయింది. ఇరికించింది నేనే. అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. అందుకే ఈ సంగతి చాలాకాలం బయట ఎవరికీ చెప్పుకోలేదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరు మీదున్న రోజులవి. ఈ వారం క్లాసులు ఎన్ని రోజులు జరుగుతాయో మా సెంటర్ నడిపే సారుకే తెలిసేది కాదు. బంద్ లేని రోజు రాస్తారోకో, అది లేని రోజు ర్యాలీ. మీర్‌పేట్‌లో ఒక ఇంటి కింది వాటాలో మేం కిరాయికి ఉండేవాళ్లం. నాయన, అమ్మ, నేను. నాయన పుట్టి పెరిగింది పోచంపల్లి పక్కన ఊళ్లో. గుంట మగ్గంలో కాళ్లు వేలాడేసి పాతికేళ్లు నేశాక మోకాళ్లు మొరాయించాయి. సిటీకి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరాడు. చీర మడత విప్పి చూపిస్తూ, "ఇగో గీ పువ్వు జర పక్కకు జరిగింది చూడమ్మా" అని ఉన్న లోపం ఉన్నట్టు చెప్పేసేవాడు. దుకాణం యజమాని తల పట్టుకునేవాడు గానీ, ఆడవాళ్లు మాత్రం మళ్లీ వచ్చి నాయననే వెతుక్కునేవారు.

నాయనకు టచ్ ఫోన్ కొనిచ్చింది నేనే. ఆ రోజు మాతోపాటు పై వాటాలో ఉండే ఓనరమ్మ కూడా ఫోన్ల దుకాణానికి వచ్చింది. ఆవిడది కృష్ణా జిల్లా. భర్త ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఆయన పోయాక పైన ఒక్కతే ఉండేది. నాయన ఏ ఫోన్ తీసుకుంటే అదే తీసుకుంటానని పట్టుబట్టి, అదే కంపెనీ, అదే నలుపు రంగు కొనుక్కుంది. రెండూ ఒకేలా ఉన్నాయని తన దానికి వెనకాల కుంకుమ బొట్టు పెట్టుకుంది.

మొదటి నెల నాయన ఆ ఫోన్‌తో మాట్లాడటం తప్ప ఇంకేం చేయలేదు. ఒక రోజు నేను సెంటర్ నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఫోన్‌లోకి వంగిపోయి ఉన్నాడు.

"గిదేం ఆట బిడ్డా?"

చూశాను. చిన్నపిల్లలు గడుల్లో రంగులు నింపుకునే ఆట. నేనే ఎప్పుడో ఎక్కించి మర్చిపోయాను. "పిల్లల ఆట నాయినా. గడి మీద వేలు పెడితే రంగు నిండుతది. తీసేస్తా ఆగు."

"తియ్యకు. గిది ఆట గాదు, గ్రాఫు" అన్నాడు.

పోచంపల్లి చీరకు రంగు నేసిన తర్వాత వెయ్యరు. గడుల కాగితం మీద బొమ్మ గీసుకుని, ఆ గడుల లెక్క ప్రకారం దారానికి ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు. నేస్తూ పోతుంటే దారంలో ముక్కలు ముక్కలుగా ఉన్న రంగు బట్టలో బొమ్మగా కుదురుకుంటుంది. ఒక వరస తప్పితే చిలక ముక్కు తోక దగ్గర మొలుస్తుంది. ఆ గడుల కాగితాల మీద జీవితం గడిపిన మనిషికి, తప్పు గీసినా రబ్బరుతో చెరపాల్సిన పని లేని కాగితం దొరికింది. నాయనను ఇక పట్టుకోలేకపోయాం. దుకాణంలో బేరం లేనప్పుడు ఏనుగు, బస్సులో నెమలి, ఇంట్లో అన్నం ముందు కూర్చుని అంచు. అమ్మ పళ్లెం ముందు పెట్టి, "తింటవా, నింపుతవా" అని అడిగేది.

ఓనరమ్మ అది చూసి ఊరుకోలేదు.

"అన్నయ్యగారూ, ఇందులో చుక్కల ముగ్గు పడుద్దా?"

"పడ్తదమ్మా. చుక్కకో గడి."

రెండు ఫోన్లూ మెట్ల మీద పక్కపక్కన పెట్టి, ఆ ఆటను ఆవిడ ఫోన్‌లోకి నేనే పంపాను. అప్పటి నుంచి పొద్దున్నే ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవారు. ఆవిడ పై మెట్టు, నాయన కింది మెట్టు. ఆవిడ తెప్పించుకునే పేపర్ ఇద్దరిదీ. మొదట వార్తల మీద వాదులాట, తర్వాత గడులు.

"రాష్ట్రం వచ్చాక మమ్మల్ని వెళ్లగొడతారంటగా?" అనేది ఆవిడ.

"నిన్ను ఎల్లగొడ్తే మేం కిరాయి ఎవలకియ్యాలె అమ్మా" అనేవాడు నాయన.

నా పెళ్లి ఆ ఏడే కుదిరింది. అబ్బాయి వాళ్లది నల్గొండ దగ్గర ఊరు. మూసారాంబాగ్‌లో ఉండేవారు. అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తాంబూలాలు తీసుకున్న రోజే నాయన తేల్చేశాడు: చీర తనే గీస్తాడు, ఊళ్లో ఇంకా మగ్గం నేస్తున్న చిన్నాయన నేస్తాడు. అంచు, చీర నడుమ భాగం ఫోన్‌లో గీసి, కాగితం మీదికి ఎక్కించి ఊరికి పంపించాడు. కొంగు మాత్రం ఎవరికీ చూపించలేదు. నేను పక్కకు వస్తే ఫోన్ బోర్లించేవాడు.

"నాది గదా చీర, నాకు చూపియ్యవా?"

"పెండ్లినాడు కట్టుకుంటవు గద, అప్పుడు జూస్తువు."

మూడు వారాలు ఆ కొంగు మీదే కూర్చున్నాడు. అది పూర్తయిన మర్నాడు ఆదివారం. కాగితం మీదికి ఎక్కించడం ఒక్కటే మిగిలింది.

ఆ ఆదివారమే నా బుద్ధి గడ్డి తింది. ఫోన్‌కు కొత్త వెర్షన్ వచ్చిందని చాలా రోజులుగా పైన ఒక గుర్తు మెరుస్తోంది. దాన్ని వేసుకోవాలా వద్దా అని నాకు కాబోయే ఆయనను ఫోన్‌లో అడిగాను. "ఏస్కో, ఏం గాదు. తెలుగు అక్షరాలు సుత మంచిగ కనవడ్తయ్" అన్నాడు. అదే నన్ను పడేసింది. పాత వెర్షన్‌లో తెలుగులో మెసేజ్ వస్తే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వరసగా కనిపించేవి. చిన్నాయన కొడుకు ఊరి నుంచి ఏదైనా తెలుగులో పంపితే నాయన ఆ డబ్బాలను చూసి, "గిన్ని గడులు పంపిండు గని రంగు ఏస్తలేడు" అనేవాడు. సరే, నాయనకు చెప్పకుండా చేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

నాయన మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఫోన్ కొత్తగా తయారైంది. బొమ్మలు మారాయి, అక్షరాలు నాజూకుగా అయ్యాయి. తెలుగు వార్తలు తెరిచి చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండు వాక్యాలు గట్టిగా చదివి, ముఖమంతా విప్పార్చుకున్నాడు. "మస్తున్నది బిడ్డా" అన్నాడు. అమ్మను పిలిచి ఆమెకు కూడా చదివి వినిపించాడు. తర్వాత మామూలుగా గడుల ఆట మీద వేలు పెట్టాడు. తెర నల్లబడి, ఒక డబ్బాలో ఇంగ్లీషు వాక్యం వచ్చింది.

"ఏమంటుంది?"

"దురదృష్టవశాత్తు ఆగిపోయిందంట."

నాయన ఆ డబ్బా వైపు కాసేపు చూశాడు. "గా దురదృష్టం ఎవలది, దానిదా మనదా?"

మళ్లీ నొక్కాను. మళ్లీ దురదృష్టమే. ఫోన్ ఆపి తెరిచాను. బ్యాటరీ తీసి పెట్టాను. కాబోయే ఆయనకు ఫోన్ చేస్తే, ఆటను తీసేసి మళ్లీ కొత్తగా ఎక్కించమన్నాడు. తీసేశాను. ఎక్కిద్దామని వెతికితే, ఈ ఆప్ మీ ఫోన్‌కు సరిపడదని మర్యాదగా ఒక వాక్యం కనిపించింది. పాత వెర్షన్‌ల కోసం ఎప్పుడో ఎవరో తయారు చేసి వదిలేసిన ఆట అది. కొత్త వెర్షన్‌కు తగ్గట్టు దాన్ని మార్చే దిక్కు లేదు. ఆ ఆటలో గీసిన బొమ్మలు మెమరీ కార్డులో భద్రంగానే ఉన్నాయి. అయితే వాటిని తెరవడం ఆ ఆటకు తప్ప ఇంకెవరికీ రాదు.

నేను మంచం అంచున కూలబడ్డాను. రోజూ ముప్పై మందికి, ఏదైనా మార్చే ముందు కాపీ తీసి పెట్టుకోవాలని పాఠం చెప్పేదాన్ని నేను.

నాయన నన్ను తిట్టలేదు. అందుకే ఎక్కువ బాధ వేసింది. "గా పిలగానికి చీర సంగతి తెల్వదు గని ఫోను సంగతి మస్తు తెల్సు" అని మాత్రం అన్నాడు. పెళ్లి కాకముందే అల్లుడి మీద వచ్చిన మొదటి ఫిర్యాదు అది.

ఆ సాయంత్రమే చిన్నాయన ఫోన్ చేశాడు. "అన్నా, పట్టు దారం సిద్ధం జేసి, రంగులు కలుపుకోని కూసున్న. ఎల్లుండి కల్లా కొంగు అందకపోతే పెండ్లికి అందదు. మల్ల నన్ననొద్దు."

"మళ్లీ గీస్తే కాదా నాయినా?" అని మెల్లగా అడిగాను.

"మూడు వారాల పని రెండు రోజుల్ల ఎట్లయితది బిడ్డా. గీసినా అదే రాదు."

సోమవారం క్లాసు అవగానే నాయన, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైల్ రిపేర్ దుకాణాలన్నీ తిరిగాం. మొదటివాడు కొత్త ఫోన్ చూపించాడు. రెండోవాడు తెర పగిలిందా అని అడిగాడు. ఒక మేడ కింద మూల దుకాణంలో పెద్దాయన, కంటికి భూతద్దం బిగించుకుని ఏదో అతికిస్తున్నవాడు, మేం చెప్పింది మొత్తం విన్నాడు.

"ఎనకటి వెర్షన్‌కు తీస్కపోవచ్చు గని, ఫోను సచ్చిపోయినా పోవచ్చు. నేను చెయ్య" అన్నాడు. మళ్లీ పనిలోకి వంగి, "మీ బొమ్మలు కార్డుల ఉన్నయ్ గద. ఇసోంటి ఫోనే, పాత వెర్షన్ మీద ఉన్నది, లోపల గా ఆట ఉన్నది దొర్కవట్టుకోండ్రి. కార్డు అండ్ల ఏస్తే తెరుసుకుంటది" అన్నాడు.

నాయన, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అలాంటి ఫోన్ ఈ ఊళ్లో ఒకటుంది. వెనకాల కుంకుమ బొట్టు ఉంది. పనిచేస్తున్న దాన్ని కదపకూడదని ఆవిడ ఏ గుర్తు మెరిసినా ముట్టుకోదు.

ఆ రాత్రి ఇల్లు చేరేసరికి పైన దీపం ఆరిపోయింది. ఆవిడ తొందరగా పడుకుంటుంది. పొద్దున్నే ఆరింటికి మెట్లెక్కితే తలుపుకు తాళం. కిందకు దిగి వస్తే అమ్మ వాకిలి ఊడుస్తోంది.

"ఆమె ఇందాకనే పాయె. తాళం చెవి నాకిచ్చింది. విజయవాడల చెల్లెలింటికంట, పది రోజులు. ఎల్‌బీ నగర్‌ల బస్సు ఎక్కుతదంట."

ఫోన్ చేశాం. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆవిడ ఫోన్‌ను సంచిలో అడుగున, చీరల మధ్య పెట్టుకుని ప్రయాణం చేస్తుందని మాకు తెలుసు. నాయన లోపలికి వెళ్లి ఒక అట్ట, గడుల కాగితం, రంగు పెన్సిళ్లు సంచిలో వేసుకుని స్కూటర్ తీశాడు. నేను వెనకాల ఎక్కాను.

మామూలు రోజైతే ఆవిడ చౌటుప్పల్ దాటిపోయేది. మమ్మల్ని ఉద్యమం ఆదుకుంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు ఇంకా చాలా దూరం ఉండగానే స్కూటర్ ఆపేయాల్సి వచ్చింది. విజయవాడ బస్సులన్నీ ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయి ఉన్నాయి. చౌరస్తా నడిబొడ్డున రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించారు. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తినడం ఆనాటి నిరసన. ఒకవైపు డప్పులు, ఒకవైపు ఆటో మీద మైకు, మధ్యలో పొగ. పెద్ద పెద్ద గుండిగలు. చుట్టూ పోలీసులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

మేం బస్సు బస్సుకూ ఎక్కి దిగుతూ వెతికాం. ఎక్కడా లేదు. నాయన మోకాళ్లు నొప్పి పెట్టి డివైడర్ మీద కూర్చున్నాడు. అప్పుడు పొగలోంచి మాకు బాగా తెలిసిన గొంతు వినిపించింది.

"చింతపండు ఇంతేనా? వంద మందికి ఇంత పులుసుతో పప్పు వండుతారా ఎవరన్నా? ఇలా ఇవ్వండి ఆ గరిటె."

ఓనరమ్మ. కొంగు నడుముకు దోపుకుని, ఒక గుండిగ ముందు నిలబడి ఉంది. పక్కన కండువా కప్పుకున్న ఒక టీచరు, ఈ వంటల బాధ్యత ఆయనదేనట, ఉప్పు పొట్లం పట్టుకుని శిష్యుడిలా నిలుచున్నాడు.

"ఆంటీ, మీరిక్కడేంటి?"

"బస్సు ఆపేశారు గదమ్మా. ఎంతసేపని కూర్చోను. వీళ్లు చూడబోతే పప్పు మాడబెట్టేట్టున్నారు." ఆవిడ గరిటె తిప్పుతూనే నాయనను చూసింది. "మీరూ వంటకొచ్చారా అన్నయ్యగారూ?"

"లేదమ్మా, నీ ఫోను కోసమొచ్చిన" అన్నాడు నాయన.

సంగతంతా చెప్పాను. ఆవిడ గరిటె టీచరు చేతికిచ్చి, సంచి తెరిచి, చీరలన్నీ బయటికి తీసి, అడుగు నుంచి ఫోన్ తీసింది. మా ఫోన్‌లోంచి మెమరీ కార్డు తీసి అందులో వేశాను. ఆట తెరుచుకుంది. లోపల నాయన బొమ్మల వరస కనిపించింది. నాయన కొంగు మీద వేలు పెట్టాడు. నిండుగా రంగులు విచ్చుకున్నాయి.

"నువ్వటు తిరుగు" అన్నాడు నాతో.

బొమ్మ దొరికింది గానీ దాన్ని బయటికి తీసేదెట్లా. ఫోన్ ఆవిడతో విజయవాడ పోవాల్సిందే. నా ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీద్దామని చూశాను. ఎండకు తెర మీద గడుల బదులు నా ముఖమే వచ్చింది. నీడలో తీస్తే గడులు కలిసిపోయి ఏనుగుకూ దుప్పటికీ తేడా తెలియలేదు. "కాగితం మీదికి ఎక్కిద్దాం. నేను సదువుతా, నువ్వు నింపు" అన్నాడు నాయన. అలా అనక తప్పలేదు. చిన్న గడులు చూసి చదవడం, మళ్లీ కాగితం మీద నింపడం రెండూ ఆయన కళ్లకు కుదిరే పని కాదు. దాంతో నా కొంగును నాకే చూపించాల్సి వచ్చింది.

తెరకు ఎండ తగలకుండా నాయన బస్టాపు గోడ నీడలో కూర్చున్నాడు. తువ్వాలు తల మీదుగా కప్పుకుని, అందులోకి ఫోన్ పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. నేను డివైడర్ మీద అట్ట పెట్టుకుని కూర్చున్నాను. డప్పుల మోతలో ఒక్క ముక్క వినిపించలేదు. నాయన అరిచాడు. నేను ఏమిటని అరిచాను. ఇలా రెండు వరసలయ్యేసరికి టీచరు వచ్చాడు.

"ఏం సదువుతున్నవే అన్నా?"

"బిడ్డ పెండ్లి చీర కొంగు."

టీచరు అమ్మ తరఫు వాళ్లు నేతవాళ్లేనట. వెళ్లి ఆటోలోంచి మైకు పట్టుకొచ్చాడు. నాయన మెల్లగా చదవడం, టీచరు మైకులో చెప్పడం, నేను నింపడం. నినాదాలు ఆగాయి. చౌరస్తా అంతటా ఒక గంభీరమైన గొంతు మోగింది.

"పదో వరస. ఎరుపు నాలుగు, నలుపు రెండు, తెలుపు ఒకటి, మల్ల ఎరుపు మూడు."

బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టారు. ఏవో ఫలితాలు చదువుతున్నారనుకున్నారట. పోలీసుల్లోంచి ఒక హెడ్ కానిస్టేబుల్ నోట్‌బుక్ తీసి రెండు వరసలు రాసుకుని, తర్వాత అనుమానంగా దగ్గరికి వచ్చాడు. "గీ కోడ్ ఏంది?" అని అడిగాడు. టీచరు నా ముందున్న కాగితం చూపించాడు. అప్పటికి ఒక ఏనుగు కాళ్లు నాలుగూ వచ్చాయి. హెడ్ కానిస్టేబుల్ టోపీ తీసి, వంగి, కాసేపు చూశాడు. "మా ఇంటామెకు గిసోంటి చీరే కావాలని శాన దినాల సంది అడుగుతుంది" అని, నోట్‌బుక్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కొంగు సగం రాస్తే చాలు. మిగతా సగం దానికి అద్దంలో నీడలాంటిది, తిప్పి నింపుకోవచ్చు. ఆ ధైర్యంతోనే పని సాగింది. మధ్యలో టీచరు తినడానికి పోతే ఆ హెడ్ కానిస్టేబులే మైకు తీసుకుని నాలుగు వరసలు చదివాడు. పైఅధికారికి నంబర్లు చెప్పినట్టు ఒక్కో గడీ తూచి తూచి చెప్పాడు. ఓనరమ్మ మా ముగ్గురికీ విస్తళ్లలో అన్నం, పప్పు పంపింది. నేను ఎడమ చేత్తో అట్ట ఒత్తి పట్టుకుని తిన్నాను.

మూడొంతులు అయ్యాక టీచరు ఆగాడు. నా కాగితం వైపు వంగి చూశాడు.

"అన్నా, గిక్కడ ఏనుగుల నడుమ చక్రాలెందుకొచ్చినయ్?"

తువ్వాలు ఇంకాస్త కిందికి జరిగింది.

"తప్పు సదివినవా ఏంది? రెండు చక్రాలు, మీద ఏదో ఉంది."

నేను కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాను. వరసగా నడుస్తున్న ఏనుగుల మధ్య, బొటనవేలంత జాగాలో, ఒక స్కూటర్. ముందు ఒక మనిషి, వెనకాల రెండు జడల మనిషి. పదో తరగతి దాకా నాయన నన్ను స్కూటర్ మీదే బడికి దింపేవాడు. చెరోవైపు జడ గాలికి ఎగురుతుంటే వెనక బండివాళ్లకు తగులుతాయని తిట్టేవాడు.

"అది అద్దంల తిప్పొద్దు. ఒక్కటే" అన్నాడు నాయన, తువ్వాలు తీయకుండానే.

టీచరు మైకును నోటికి దూరంగా జరిపి, "స్కూటర్ పడ్తదా అన్నా పట్టు చీరల?" అని అడిగాడు.

"ఏనుగు పట్టంగ లేంది, స్కూటర్ ఎందుకు పట్టదు" అన్నాడు నాయన.

నాకు గడులు కనిపించలేదు కాసేపు. టీచరు అది చూసి, దగ్గి, మైకులో తర్వాతి వరస కాకుండా ఒక నినాదం అందుకున్నాడు. డప్పులు కూడా అందుకున్నాయి. నేను ముఖం తుడుచుకునేదాకా అది సాగింది. తర్వాత, "ఎనభై ఐదో వరస" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక పొయ్యిలు ఆర్పేసి, రోడ్డు ఊడ్చి, బస్సులకు దారిచ్చారు. అప్పటికి ఆఖరి వరస కూడా పూర్తయింది. మా కార్డు తీసుకుని, ఫోన్, సంచి సర్ది ఓనరమ్మను బస్సు ఎక్కించాం. మెట్టు మీద నిలబడి ఆవిడ టీచరుతో, "రేపు వండితే కందిపప్పు ముందే వేయించుకోండి" అంది.

"రేపు వంట లేదమ్మా, ర్యాలీ" అన్నాడాయన.

కాగితాన్ని ఊరికి చేర్చింది కూడా ఆయనే. మోటారు సైకిల్ మీద అటే పోతున్నానని, గొట్టంలా చుట్టి కండువాలో కట్టుకుని, సాయంత్రానికల్లా చిన్నాయన చేతిలో పెట్టాడు. పేరు అడగడం మేం మర్చిపోయాం. చిన్నాయన కూడా చాయ్ ఇచ్చి పంపాడు గానీ పేరు అడగలేదట.

నాలుగు రోజులకు చిన్నాయన ఫోన్. "అన్నా, మూడో ఏనుగుకు తోక ఎర్రగ ఉందేంది? నువ్వు గట్లనే గీసినవా?"

నాయన లెక్క వేసుకున్నాడు. ఆ వరసలు పోలీసాయన చదివినవి. "దారం ముడులు కట్టినవా?" అని అడిగాడు.

"రంగుల సుత ముంచిన."

"అయితే గట్లనే గీసిన" అన్నాడు నాయన. దుకాణంలో ప్రతి చీర లోపమూ విప్పి చెప్పే మనిషి ఒక లోపాన్ని కప్పిపెట్టడం నేను చూసింది అప్పుడే.

చీర పెళ్లికి మూడు రోజుల ముందు వచ్చింది. తలంబ్రాల తర్వాత మా అత్తగారు కొంగు సర్దుతూ స్కూటర్‌ను గుర్తుపట్టింది. తన కొడుకుదేమో అనుకుని ముచ్చటపడి అందరికీ చూపించింది. ముందు కూర్చున్న మనిషికి తనకున్నట్టే బట్టతల గీశాడు నాయన గానీ, పట్టులో అంత వివరంగా రాలేదు. నేను కొంగు మళ్లీ భుజం మీదికి సర్దుకున్నాను.

పెళ్లయిన నెలకు నేను, మా ఆయన మీర్‌పేట్ వెళ్తే మెట్ల మీద పెద్ద పంచాయితీ నడుస్తోంది. ఓనరమ్మకు చెల్లెలి ఇంట్లో రైలు టికెట్ ఫోన్‌లోనే తీసుకోవడం నేర్పారట. ఆ ఆప్ ఈవిడ ఫోన్‌లో ఎక్కడం లేదు. పాత వెర్షన్‌కు అది సరిపడదట. కొత్త వెర్షన్ వేస్తే గానీ కుదరదు. వేస్తే గడుల ఆట పోతుంది. నాయన బొమ్మలు ఇంకా చాలా ఆ కార్డులోనే ఉన్నాయి. వాటిని చూపించగల ఫోన్ ఊరంతటికీ అదొక్కటే.

"జర ఆగమ్మా. అన్ని కాగితాల మీదికి ఎక్కిచ్చుకోని" అంటున్నాడు నాయన.

"ఎన్నాళ్లండీ?"

"నలభై బొమ్మలున్నయ్."

"మీరు నలభై గీసేటప్పటికి నేను నడిచి విజయవాడ వెళ్లొచ్చేస్తాను."

మా ఆయన ఉత్సాహంగా కేబుల్ తీయబోయాడు, ఇప్పుడే వేసేస్తానని. ఇద్దరూ ఒకేసారి అతని వైపు చూసిన చూపుకు కేబుల్ మళ్లీ బ్యాగులోకి వెళ్లిపోయింది. నాయన అతని చేతిలో పెన్సిల్ పెట్టి, కింది మెట్టు చూపించాడు. ఆ సాయంత్రం మా ఆయన రెండు నెమళ్లు నింపాడు. ఒకదాని కాలి గోళ్లు మళ్లీ చెరిపించి రాయించాడు నాయన.

తర్వాత రెండు నెలలు ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. నలభై బొమ్మలు అయిపోయిన రోజు మా ఆయనే ఓనరమ్మ ఫోన్‌కు కొత్త వెర్షన్ వేశాడు. రైలు ఆప్ ఎక్కింది. ఆవిడ ఊరికే విజయవాడకు టికెట్లు ఉన్నాయో లేదో చూసి సంతోషించింది. ఆనక అలవాటుగా గడుల ఆట మీద వేలు పెట్టింది. అది ఆగిపోయింది.

ఆవిడ ఇంకోసారి నొక్కి చూసింది. "నా ముగ్గులు కూడా పోయినట్టేగా" అంది. మా బొమ్మల తొందరలో ఆవిడ ముగ్గుల సంగతి నాకు గానీ మా ఆయనకు గానీ గుర్తే లేదు.

నాయన లేచి లోపలికి వెళ్లి, బడి పిల్లలు వాడే గడుల పుస్తకం ఒకటి తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఆ రెండు నెలలూ ఆవిడ మధ్యాహ్నాలు నిద్రపోయేటప్పుడు ఫోన్ కింద నాయనకిచ్చి పోయేదట, ఆ వేళల్లో ఒక్కో ముగ్గూ ఆ పుస్తకంలోకి ఎక్కించాడట. ఇరవై ఒక్క ముగ్గులు, పేజీకి ఒకటి, రంగులతో సహా.

ఓనరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి మెల్లగా తిప్పుకుంటూ వచ్చింది. పన్నెండో పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి చూపించింది.

"అన్నయ్యగారూ, ఈ తామరపువ్వు నేను పసుపు వేశాను. మీరు ఎరుపు వేశారు."

"ఎరుపైతెనే మంచిగుంటదమ్మా."

"ముగ్గు నాది."

నాయన రబ్బరు కోసం లోపలికి వెళ్లాడు.